పిచ్చుకకి ప్రశంస

పిచ్చుక గది తలుపు తెల్లవారినా తెరుచుకోలేదు.

తలుపు ముందు స్టూలు వేసుకుని అన్నయ్య కూర్చున్నాడు. చేతిలో కాఫీ కప్పు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే చెల్లెలి కోసం తెచ్చిన రెండో కప్పు అది. మొదటిది చల్లారిపోతుంటే చూడలేక తనే తాగేశాడు.

“చూడమ్మా,” అన్నాడు తలుపుతో. “రాత్రి మీ వదిన అన్నదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వు తిరిగి అన్నది మాత్రం శుభ్రంగా అర్థమైంది. అందుకని తప్పు నీవైపే ఎక్కువుందేమోనని నా అనుమానం.”

తలుపు ఉలకలేదు, పలకలేదు.

“పోనీ, తప్పంతా మీ వదినదే అనుకో. మధ్యలో కాఫీ ఏం పాపం చేసింది?”

వంటింటి గుమ్మంలో నిలబడి వదిన ఇదంతా వింటోంది. రాత్రి ఆమెకి కన్ను మూతపడలేదు. నిద్రలేని కళ్ళకి ఇల్లు ఇల్లులా లేదు. కిటికీ అవతల పొగమంచు వీధిని మింగేసింది. ఇవతల గోడలు, కుర్చీలు, స్టూలు మీద వంగిన భర్త వీపు, అన్నీ మెత్తబడిపోయి, కాస్త దూరం జరిగి తేలుతున్నట్టున్నాయి. నిజంగానే తను ఆ మాట అందా, లేక కలగందా అని ఒక క్షణం ఆశ కూడా పుట్టింది.

కల కాదు. అంది. పిచ్చుక కొత్త డ్రెస్సు భుజాల మీద పెట్టుకుని, “రేపు స్టేజీ మీద ఇది బాగుంటుందా వదినా?” అని అడుగుతున్నప్పుడే అంది. “నీ యంత్రం ముందుగా ఏమీ చెప్పడం లేదు పిచ్చుకా.”

పిచ్చుక మొదట నవ్వింది. తర్వాత వాదించింది. వాదన అయిపోయాక ముఖం ఎర్రబడి, “నీకు కుళ్ళు వదినా. ఇన్నేళ్ళుగా ఆ డిపార్టుమెంటులో పాఠాలు చెప్తున్నావు, నిన్నెవరూ స్టేజీ ఎక్కించలేదు” అంది. ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

అన్నయ్య కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

“ఒక్కరోజు ఆగి చెప్తే కొంపలేం మునిగేవి?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఆగితే సోమవారం మునుగుతాయి. సోమవారం నుంచి ఆస్పత్రి వార్డుల్లో పెడుతున్నారు దాన్ని.”

“పెట్టనీ. పని చేస్తుందని అందరూ అంటున్నారుగా. రోగి ప్రాణం మీదికి రాబోతోందని గంటల ముందే చెప్పేస్తుందని, పేపర్లో కూడా వేశారు.”

వదిన స్టవ్ ఆపింది. ఈయనకి ఎలా చెప్పాలా అని ఆలోచించింది. ఆయనది కళ్ళద్దాల దుకాణం.

“మీ కొట్టుకి ఒకాయన వచ్చాడనుకోండి. గోడ మీద అక్షరాలు చదవమన్నారు. చివరి వరసదాకా తడుముకోకుండా చదివేశాడు. మీరేం చేస్తారు?”

“చూపు భేషుగ్గా ఉందని పంపించేస్తా.”

“వరసలో తనకంటే ముందున్నవాడు చదువుతుంటే విని కంఠతా పట్టాడని తర్వాత తెలిసింది.”

అన్నయ్య నవ్వాడు. “అలాంటివాళ్ళు నాకు వస్తూనే ఉంటారు. కళ్ళద్దాలంటే నామోషీ వాళ్ళకి.”

“ఆయన బస్సు డ్రైవరు.”

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. కప్పు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

“పిచ్చుక యంత్రం కూడా అంతేనండీ,” అంది వదిన, ఎదురుగా కూర్చుంటూ. “వార్డులో సిస్టర్ నాడి చూస్తుంది, జ్వరం చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది. కంప్యూటరులో ఎక్కించే తీరిక ఎక్కడుంటుంది? చేతికి అంటించుకున్న ప్లాస్టరు ముక్క మీద రాసుకుంటుంది. తీరిక దొరికినప్పుడు ఎక్కిస్తుంది. దొరక్కపోతే లేదు. ఏదైనా మంచం దగ్గర గొడవైతే, రోగి ఒక్కసారిగా దిగజారిపోతే, అందరూ పరుగెత్తుతారు. అంతా సద్దుమణిగాక సిస్టర్ కూర్చుని, ఆ రోగివి పొద్దున్నుంచీ చూసినవన్నీ గుర్తు తెచ్చుకుని ఎక్కిస్తుంది. పదింటికి చూసింది పదింటికేనని రాస్తుంది. తప్పేం లేదు, అప్పుడే చూసింది కాబట్టి.”

“మరింకేం?”

“బాగున్నవాళ్ళ పేజీ ఖాళీగా ఉంటుంది, బాగాలేనివాళ్ళ పేజీ నిండుగా ఉంటుంది. ఆ నిండటం ప్రమాదం జరిగాక జరిగింది. యంత్రం దాన్ని చూసి, నిండుగా ఉంటే ప్రమాదం అని నేర్చుకుంది. పాత రికార్డులిచ్చి పరీక్ష పెడితే అన్నీ ముందే చెప్పినట్టు కనిపించింది. రేపు వార్డులో నిజంగా పదింటికి చూస్తే ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది. ఈ రోగికి ఏం భయం లేదని పచ్చరంగు వేసేస్తుంది.”

“కంప్యూటరుకి తెలీదూ, ఎప్పుడు ఎక్కించారో?”

“తెలుసు. చూసిన వేళ ఒకటి, ఎక్కించిన వేళ ఒకటి, రెండూ ఉంటాయి. పిచ్చుక మొదటిది తీసుకుంది.”

అన్నయ్య బల్ల మీది కాఫీ మరకని వేలితో తుడిచాడు.

“నా కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చూపు బాగుచేసి పంపిస్తాను,” అన్నాడు. “ఇంట్లో మీ ఇద్దరికీ చూపు ఎక్కువై నేను ఛస్తున్నాను.”

వదినకి నవ్వు రాలేదు. ఆమె లేచి వెళ్ళి పిచ్చుక తలుపు తట్టింది. “పిచ్చుకా, నన్ను తిట్టాలన్నా బయటికొచ్చి తిట్టమ్మా” అంది. ఎంతసేపటికీ బదులు లేకపోతే పిడి తిప్పి నెట్టింది. తలుపు తెరుచుకుంది.

గదిలో పిచ్చుక లేదు. దుప్పటి మడతపెట్టి ఉంది. కొత్త డ్రెస్సు కుర్చీ వీపుకి వేలాడుతోంది. ఫోను దిండు మీద ఉంది. చెప్పులు లేవు. వీళ్ళు తమ గదిలోంచి బయటికి రాకముందే వెళ్ళిపోయింది.

“అయితే ఇంతసేపూ నేను చెక్కతో మాట్లాడానన్నమాట,” అన్నాడు అన్నయ్య.

“చెక్క కాబట్టే విన్నది,” అంది వదిన. అని, ఆ ఖాళీ మంచం అంచున కూర్చుండిపోయింది. తను ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి పిచ్చుక బడికి వెళ్ళే పిల్ల. లెక్కలంటే భయపడి ఇదే మంచం కింద దాక్కునేది. తను పక్కన నేల మీద పడుకుని, మంచం కిందికి చూస్తూ భిన్నాలు నేర్పింది. ఆ పిల్ల నోటినుంచి కుళ్ళు అనే మాట రావడం ఆమెకి ఇంకా నొప్పిగానే ఉంది. పిచ్చుక ఇక తనతో మాట్లాడదేమోనన్న భయం దానికంటే పెద్ద నొప్పిగా ఉంది.

* * *

డిపార్టుమెంటుకి నడిచి వెళ్ళింది వదిన. మంచు ఇంకా వీడలేదు. వీధి దీపాలు ఆర్పడం ఎవరో మర్చిపోయినట్టున్నారు, తెల్లటి గాలిలో పసుపు ముద్దల్లా వెలుగుతున్నాయి. ఎదురొచ్చే ప్రతి ఆడపిల్లా పిచ్చుకలాగే కనిపించి, దగ్గరికొచ్చాక ఇంకెవరో అయిపోతోంది.

ఆస్పత్రి రికార్డుల్ని కంప్యూటర్లతో పరిశోధించే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ విభాగంలో ఏటా ఈ రోజున ఆ ఏడాది పిల్లలూ మాస్టార్లూ సాధించినవి చెప్పుకుని చప్పట్లు కొట్టుకుంటారు. ఇక్కడో పద్ధతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి విద్యార్థిని గైడు పొగడకూడదు. వేరే మాస్టారెవరైనా ఆ పని మొత్తం చదివి, స్టేజీ ఎక్కి ప్రశంస చెప్పాలి. ఎవరికి ఎవరన్నది చీటీలు తీసి తేలుస్తారు. వదిన తీసిన చీటీలో పిచ్చుక పేరు వచ్చినప్పుడు స్టాఫ్‌రూమంతా గొల్లున నవ్వింది. చీటీ మారుద్దామని వదిన అంటే, “పద్ధతంటే పద్ధతే” అని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం పిచ్చుక ఇల్లంతా గంతులేసింది.

చీటీ ఇంకొకరికి వచ్చి ఉంటే తను ఆ థీసిస్ అంత దీక్షగా చదివేదే కాదు. ముద్దుకొద్దీ చదివింది. ముద్దుకొద్దీ చదివితే కనపడింది.

హెడ్డుగారి గదిలో బల్ల మీద షీల్డులు వరసగా ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే చేతిరుమాలుతో తుడుస్తున్నారు. పిచ్చుకకి గైడు ఆయనే.

“రండమ్మా. మీవాళ్ళదే తుడుస్తున్నా,” అన్నారు.

వదిన కూర్చోకుండానే అంతా చెప్పింది. ఆయన ఎక్కడా అడ్డు రాలేదు. చెప్పడం అయిపోయాక కూడా అదే షీల్డుని తుడుస్తూనే ఉన్నారు. బయట వరండాలో పిల్లలు రంగు కాగితాలు అంటిస్తూ, నిచ్చెన ఎవరు పట్టుకోవాలని పోట్లాడుకుంటున్నారు.

“ఎక్కించిన వేళతో మళ్ళీ లెక్క కట్టి చూశారా?”

“చూశాను సార్.”

“ఏం మిగిలింది?”

“బొమ్మా బొరుసూ వేసినంత.”

హెడ్డుగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ముఖం ఒక్కసారిగా ముసలిదైంది. “నేను చూడాల్సింది. ఫలితం బాగుందని సంబరపడ్డానుగానీ, ఇంత బాగా ఎందుకుందని అడగలేదు.”

ఆయన మీద వదినకి కోపం రావడం లేదు. వస్తే బాగుండుననిపించింది.

“పిల్లకి తెలుసా?”

“రాత్రి చెప్పాను. నమ్మలేదు. పొద్దున్నుంచీ కనిపించడం లేదు.”

“ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ పిల్లని ఇంతమంది ముందు నిలబెట్టి, చేతిలో షీల్డు పెట్టబోతూ, ఈ మాట అనగలరా మీరు?”

వదిన ఆయన ముందున్న షీల్డు మీద పిచ్చుక పేరు చదువుకుంది.

“సూపరింటెండెంటుగారితో రేపు నేను మాట్లాడతాను,” అన్నారు ఆయన మెల్లగా. “ఇంకా కొన్ని పరీక్షలు చేయాలని చెప్పి, సోమవారం మొదలవకుండా ఆపిస్తాను. ఇవాళ మీరు ఆ పిల్ల కష్టం గురించి చెప్పండి. కష్టం అబద్ధం కాదుగా. ఫలితం ఊసెత్తకండి. పిల్లని పండగపూట ఏడిపించకండమ్మా.”

పామూ చావదు, కర్రా విరగదు. వినడానికి ఎంత హాయిగా ఉందో ఆ ఉపాయం. అబద్ధమాడక్కర్లేదు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. పిచ్చుక ఇంటికి తిరిగొస్తుంది. వదిన ‘సరే’ అనలేదు, ‘కాదు’ అనలేదు. గదిలోంచి బయటికొచ్చాక తన ఒళ్ళు ఎంత తేలికైందో గమనించి సిగ్గుపడింది.

* * *

హాల్లో దీపాలు తగ్గించారు. తెర మీద విజేతల ఫొటోలు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతున్నాయి. మాటలు మైకులోంచి వచ్చి, పైకప్పు కింద కాసేపు తిరిగి, ఆలస్యంగా చెవిన పడుతున్నాయి. స్టేజీ పక్క కుర్చీలో కూర్చున్న వదినకి తను నీళ్ళడుగున కూర్చుని పైన జరిగే పెళ్ళి సందడి వింటున్నట్టుంది.

పసిపిల్లల టీకా రోజు వస్తే తల్లికి ఫోను చేసి, ఇంటి భాషలో గుర్తుచేసే ఏర్పాటు చేసిన కుర్రాడికి షీల్డు ఇచ్చారు. వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుని, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొట్టింది. జబ్బుల పేర్లకి అంకెలు కేటాయించే పనిలో తల పండిన మాస్టారిని సన్మానించారు. “ఈయనకి తలనొప్పొస్తే తలనొప్పనరు, అంకె చెప్తారు. ఇంట్లోవాళ్ళు పుస్తకం చూసుకుని మాత్ర ఇవ్వాలి” అని ప్రశంస చెప్పినావిడ అంటే హాలంతా నవ్వింది. “ఏ తరహా తలనొప్పో చెప్పకుండా అంకె చెప్పడం కుదరదండీ,” అని మాస్టారు సీట్లోంచే దిద్దారు.

వదిన కూడా నవ్వింది. ఇంతమంది మంచివాళ్ళు, ఇంత మంచి పనులు. వీళ్ళ మధ్యకి తను ఏం పట్టుకొచ్చింది?

ముందు వరస మధ్యలో ఆస్పత్రి సూపరింటెండెంటుగారు కూర్చున్నారు. ఒళ్ళో పూలగుత్తి ఉంది. ఆవిడ ఎందుకో మాటిమాటికీ తనలో తాను నవ్వుకుంటున్నారు.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. సన్నటి వెలుగు గీత నేల మీద పడి మళ్ళీ మాసిపోయింది. పిచ్చుక లోపలికొచ్చి చివరి వరసలో కూర్చుంది. నిన్నటి బట్టలే. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. ఎక్కడికి వెళ్ళొచ్చిందో ముఖంలో తెలియడం లేదు. ఆమె వదిన వైపే చూస్తోంది.

వదిన పేరు పిలిచారు.

మైకు ముందు నిలబడ్డాక ఆమెకి హాలు కనిపించలేదు. చీకట్లో చివరి వరసలో ఒక్క ముఖమే కనిపించింది.

“ఈ అమ్మాయి పనిని నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను,” అని మొదలుపెట్టింది. గొంతు తనది కానట్టు వినిపించింది. “చదవకముందు నాకు ఈ అమ్మాయి తెలుసనుకున్నాను. ఉప్మాలో ఉప్పెక్కువైతే చెప్పకుండా తినేస్తుందని తెలుసు. ఇంత మొండిదని తెలీదు.”

హాల్లో నవ్వులు. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్న ఇద్దరాడవాళ్ళు రికార్డుల్లో ఒకరైపోయి, ఒకరికి పడని మందు గురించి ఇంకొకరి కాగితంలో ఉంటే, ఆ చిక్కుముడిని పిచ్చుక ఎలా విప్పిందో చెప్పింది. ఆ మందు పడనావిడని ఇంటికి వెళ్ళి కలిసి మరీ ఎలా సరిచూసుకుందో చెప్పింది. ఇవన్నీ నిజాలు. వదినకి చెప్తుంటే గర్వంతో కళ్ళు తడిశాయి.

“ఇంత కష్టపడి ఈ అమ్మాయి చేసిన యంత్రం...” అంది.

అక్కడ ఆగింది.

మాట నాలుక చివరే ఉంది. చివరి వరసలో పిచ్చుక కొంచెం ముందుకి వంగింది. వదినకి మంచం కింద దాక్కున్న పిల్ల గుర్తొచ్చింది. పక్కన హెడ్డుగారు నేల వైపు చూస్తున్నారు.

“...ఈ కష్టానికి మనందరం చప్పట్లు కొట్టాలి,” అని ముగించింది వదిన.

హాలు మోగిపోయింది. మాట మింగితే కడుపు నిండుతుందనుకుంది వదిన. నిండలేదు.

పిచ్చుక నడుస్తూ వచ్చింది. తొందర లేదు. స్టేజీ ఎక్కింది. హెడ్డుగారు షీల్డు అందించారు. పిచ్చుక చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆయన ఇంకోసారి అందించారు. ఈసారి ఆమె తల అడ్డంగా ఊపి మైకు దగ్గరికి వచ్చింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“నిన్న రాత్రి మా వదినని ఒక మాట అన్నాను,” అంది. “చాలా చెడ్డ మాట. ఎందుకన్నానంటే, ఆవిడ నాతో ఒక నిజం చెప్పింది. ఇందాక మధ్యలో ఆగిందే, అక్కడ ఉండాల్సింది ఆ మాటే.”

హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. ఆ చప్పుడు చాలా పెద్దగా వినిపించింది.

పిచ్చుక మైకు మీద చెయ్యి కప్పి వదిన వైపు తిరిగింది. దగ్గర నుంచి చూస్తే కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“తెల్లారగట్ట కింది అంతస్తు వార్డుకెళ్ళి కూర్చున్నా వదినా,” అంది లోగొంతుకతో. “సిస్టర్ చేతి మీద ప్లాస్టరు ముక్క చూశాను. కంప్యూటరులో పేజీ చూశాను. ఖాళీగా ఉంది. నువ్వన్నదే.”

“పిచ్చుకా...”

“నిన్న నా ముందు చెప్పడానికి భయపడలేదు నువ్వు. ఇవాళేమైంది?”

“నువ్వు మళ్ళీ నాతో మాట్లాడవేమోనని,” అంది వదిన. తనకే తెలియకుండా వచ్చేసింది నిజం.

పిచ్చుక ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖమైపోయింది. వెంటనే సర్దుకుంది.

“నువ్వు చెప్పకపోతేనే మాట్లాడను.”

“నువ్వే చెప్పమ్మా. నీ పని అది.”

“నేను చెప్తే నన్ను మెచ్చుకుంటారు. ఎంత నిజాయితీ అని ఇంకో షీల్డు ఇస్తారు. అసలు మాట మర్చిపోతారు. మెచ్చుకోవడానికని పిలిచిన మనిషి చెప్తే మర్చిపోరు.”

చెయ్యి తీసి మైకు వదిన ముందుకి జరిపింది.

వదిన హెడ్డుగారి వైపు చూసింది. ఆయన షీల్డు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. తల ఒక్కసారి కిందికి ఆడించారు. అది ఒప్పుకోలో, ఓడిపోవడమో ఆమెకి తెలియలేదు.

“సూపరింటెండెంటుగారూ,” అంది వదిన. ఈసారి గొంతు తనదే. “ఈ యంత్రం రోగికి రాబోయే ప్రమాదాన్ని ముందుగా చెప్పడం లేదండీ. ప్రమాదం జరిగాక మనం రాసుకున్నవి చూసి, ముందే తెలిసినట్టు కనిపిస్తోంది. నిజంగా ముప్పున్న మనిషికి కూడా ఇది పచ్చరంగు వేస్తుంది. సోమవారం వార్డుల్లో పెట్టకండి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంకెల మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. టీకా కుర్రాడి తల్లి పక్కనావిణ్ణి “ఏమైంది? ఏమంటోంది?” అని అడుగుతోంది. పిచ్చుక వదిన భుజానికి భుజం ఆనించి నిలబడింది. ఆ ఆనికకి వదినకి ఏడుపొచ్చింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకుంది.

సూపరింటెండెంటుగారు లేచి నిలబడ్డారు. ఒళ్ళోని పూలగుత్తి జారి నేల మీద పడింది. ఆవిడ చూసుకోలేదు.

“సోమవారమా?” అన్నారు. ఇందాకటి నవ్వు ముఖం మీద ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు అక్కడే ఉంది. “ఇవాళ ఇక్కడ చెప్పి మీ అందర్నీ ఆశ్చర్యపరుద్దామని దాచిపెట్టానమ్మా. సోమవారం దాకా ఎందుకని, పై అంతస్తులో రెండు వార్డుల్లో నిన్న సాయంత్రమే మొదలుపెట్టించాను.”

పిచ్చుక భుజం బిగుసుకుంది.

“పచ్చరంగు మంచాల దగ్గరికి సిస్టర్లు వెళ్ళి చూసే రాత్రి రౌండు...” అంది, మాట పూర్తి చేయలేకపోయింది.

“అక్కర్లేదని నేనే సంతకం పెట్టాను.”

ఆవిడ అప్పటికే వార్డు నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకున్నారు. వదిన ఆవిడ పెదవుల వైపే చూస్తోంది, ‘హలో’ అని ఎప్పుడంటాయా అని. పిచ్చుక చల్లటి వేళ్ళు వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

సూపరింటెండెంటుగారు ఫోను దించి, మళ్ళీ అదే నంబరు నొక్కారు.